చక్రాల బల్ల మీద కల్వర్టు

టూంగాబీలో మా వీధి చివర ఒక కల్వర్టు ఉండేది. దాని మీదుగా రోజూ కార్లు, బస్సులు వెళ్ళేవి. కింద కల్వర్టు ఉందన్న సంగతి వాటిలో కూర్చున్న ఎవరికీ తెలియదు. మంచి కల్వర్టు లక్షణం అదేనని శ్రీపతి గారు అనేవారు. "జనానికి గుర్తొచ్చిందంటే పొంగిందని అర్థం" అని ఆయన లెక్క.

ఆయన వాన నీటి కాలువల ఇంజనీరు. ఈ ఊళ్ళోనే ఇరవై ఆరేళ్ళు పనిచేసి రిటైరయ్యారు. వలస వచ్చిన ఈ దేశంలో ఆయన సంతకం పెట్టిన మొదటి డ్రాయింగు ఆ కల్వర్టుదే. ఫిబ్రవరిలో ఇంటింటికీ ఉత్తరాలు వచ్చాయి. రోడ్డు వెడల్పు చేస్తున్నారట, జులైలో పాత కల్వర్టు పగలగొట్టి పెద్దది కడతారట. వాళ్ళావిడ ఉదయలక్ష్మి గారు ఉత్తరం చదివి, "పోనీలెండి, పెద్దదే కడతారట కదా" అన్నారు. ఆయన మోకాళ్ళ దాకా ఉండే రబ్బరు బూట్లు తొడుక్కుని, టేపు పట్టుకుని కాలవలోకి దిగారు. కొలతలన్నీ రాసుకుని సాయంత్రానికి బురదతో తిరిగొచ్చారు.

"దానికి ఒక్క ఫొటో కూడా లేదు. కల్వర్టుకి ఎవడు ఫొటో తీస్తాడు? నేనే బొమ్మ చేస్తాను. నలభై ఎనిమిదో వంతు సైజులో. జూన్ లాంగ్ వీకెండుకి ఎగ్జిబిషన్లో పెడతాను" అన్నారు.

పెండిల్ హిల్‌లో ఒక హాలు అద్దెకు తీసుకుని చిన్న నమూనాలు చేసేవాళ్ళు ఏటా ప్రదర్శన పెడతారు. విమానాలు, ఓడలు, రైళ్ళు వస్తాయి. శ్రీపతి గారు ఆ క్లబ్బులో మూడేళ్ళుగా సభ్యులు. ఇంతవరకూ ఒక్క వస్తువు కూడా పెట్టలేదు. సామాను ఇంకా సర్దుకోవడం అవలేదన్నది ఆయన చెప్పే కారణం. రెండుసార్లు టేబుల్ తీసుకుని, రెండుసార్లూ వారం ముందు వదిలేశారు. క్లబ్బు సెక్రటరీ బహదూర్ గారు హైదరాబాదీ, ముప్పై ఏళ్ళు కార్లు బాగుచేసిన మనిషి, చేతిపని తెలిసినవాడు. ఆయన ఈసారి ఖరాఖండిగా చెప్పేశారు.

"ఈసారి గూడ టేబుల్ ఖాళీగ ఉన్నదనుకో శ్రీపతి సాబ్, వచ్చే సాల్‌కెల్లి మీ పేరు లైన్ల ఆఖరికి పోతది. నా చేతుల ఏం లేదు. రూల్ అంటే రూల్."

అంటే జూన్ దాటితే టేబుల్ ఉండదు, జులై దాటితే కల్వర్టు ఉండదు.

శ్రీపతి గారు పనిచేసేది గరాజ్‌లో. సగం ఉదయలక్ష్మి గారి కారుకు, సగం ఆయనకు. ఆయన సగంలో ఒక ఆరడుగుల బల్ల, బల్లకు కుడి చివర ఆరు సొరుగులు. వడ్రంగం నా పని. ఆ బల్ల చేసింది నేనే కనుక దాని గురించి గొప్పలు చెప్పను. కదలకుండా నిలబడేది, అంతే. దాని మీద బ్లేడు కత్తులు, పట్టకార్లు, సన్న రంపం, ఆకురాళ్ళు, ఉప్పు కాగితం ముక్కలు, రంగు సీసాలు, మూడు రకాల గ్లూ, వాలు చూసే రసమట్టం ఒకటి, ఖాళీ ఐస్‌క్రీం డబ్బాల నిండా ప్లాస్టిక్ ముక్కలు కుప్పగా ఉండేవి. కుప్ప అయితే అయింది గాని, అన్నీ చేతికి అందేంత దూరంలో ఉండేవి. రెండు శనివారాలు కూర్చుంటే ఆ కుప్ప కూడా సర్దుకునేది.

సరిగ్గా అప్పుడు ఆయన స్నేహితుడు డాక్టరు కేశవరావు గారు వచ్చారు.

ఆయన ఆపరేషన్లకు మత్తు ఇచ్చే డాక్టరు. జీవితమంతా ఎదుటి మనిషి సమాధానం చెప్పలేని స్థితిలో ఉండగా మాట్లాడి అలవాటైనవారు. రిటైరయ్యాక వాస్తు చదివారు. గరాజ్ గుమ్మంలో నిలబడి ఫోనులో దిక్సూచి చూసి తల ఊపారు.

"నీ పని ఎందుకు సాగటం లేదో ఇప్పుడు అర్థమైందయ్యా శ్రీపతీ. నీ సుత్తి ఈశాన్యంలో ఉంది."

"అక్కడ మేకు ఉందండీ డాక్టరు గారూ. తగిలించాను."

"మేకుదేముంది, పీకేయొచ్చు. ఈశాన్యంలో బరువుంటే యజమాని అడుగు ముందుకు పడదు. మూడేళ్ళ నుంచి పడిందా?"

పడలేదు. శ్రీపతి గారు మేకు పీకారు.

ఆ వారమంతా ఇద్దరూ కలిసి సామాను సర్దారు. సుత్తి, అతికించిన ముక్కల్ని పట్టి ఉంచే బిగింపులు, ఇనప వస్తువులు బరువు కాబట్టి నైరుతికి వెళ్ళాయి. మాటు వేసే కడ్డీ వేడెక్కుతుంది కాబట్టి ఆగ్నేయానికి. రంగు చిమ్మే తుపాకీ గాలితో పనిచేస్తుంది కాబట్టి వాయవ్యానికి. రసమట్టం దగ్గర డాక్టరు గారు ఆగి, గాజు గొట్టాన్ని వెలుతురుకు పెట్టి చూశారు.

"ఇందులో ఉన్నదేంటి?"

"ఏదో ద్రవం. బుడగ కదలడానికి."

"ద్రవమంటే నీరే. ఈశాన్యం."

రంగు పలచన చేసే థిన్నర్ డబ్బా దగ్గర చిక్కు వచ్చింది. అది తడి వస్తువు, కానీ అగ్గిపుల్ల చూపిస్తే భగ్గుమంటుంది. నీరా, నిప్పా? దాని మీద నలభై నిమిషాలు నడిచింది. తేలక చివరికి డబ్బాను గుమ్మం బయట పెట్టారు. అక్కడ అది రెండు నెలలు వానకు తడిసింది.

సర్దడం ముగిశాక పని మొదలైంది. ఒక చిన్న ఊచ అతికించాలంటే శ్రీపతి గారు ఆగ్నేయానికి వెళ్ళి గ్లూ తెచ్చుకోవాలి, నైరుతికి వెళ్ళి బిగింపు తెచ్చుకోవాలి, పట్టకార్ల కోసం ఇంకో మూలకు పోవాలి. తిరిగొచ్చేసరికి పుల్ల కొసన గ్లూ ఎండిపోయేది. మళ్ళీ ఆగ్నేయం. ఫోను చూసుకుంటే కూర్చుని చేసే పనికి రోజుకు పదకొండు వేల అడుగులు పడుతున్నాయి.

"చూశావా, ఆరోగ్యం కూడా" అన్నారు డాక్టరు గారు.

పని తెలిసిన చెయ్యి వస్తువును వెతకదు. కళ్ళు పని మీద ఉండగా చెయ్యి చాచిన చోట అది ఉండాలి. ఈ మాట నేను అప్పుడు శ్రీపతి గారితో అన్నాను. ఆయన ఔనన్నారు. ఔనని చెప్పి వాయవ్యానికి వెళ్ళారు.

అయినా మార్చి ఆఖరుకు పని కాస్త ముందుకు జరిగింది. బల్ల మధ్యలో ప్లైవుడ్ ముక్క పరిచి, కదలకుండా నాలుగు స్క్రూలతో బల్లకే బిగించారు. వెనక గోడకు డ్రాయింగు అంటించారు. డ్రాయింగులో నీళ్ళు ఎడమ నుంచి వచ్చి కుడికి పోతాయి. కల్వర్టు నోటి దగ్గర చెత్త ఆపడానికి ఇనప ఊచల తడిక ఉంటుంది. ఆ తడిక గోడను ప్లైవుడ్ మీద ఎడమ చివర అతికించారు. చాలా చక్కగా వచ్చింది. పన్నెండు ఊచలు, గుండుసూది కన్నా సన్నం.

ఆ ఆదివారం వాళ్ళమ్మాయి అక్షర వచ్చింది. గరాజ్‌లోకి తొంగిచూసి, ఇద్దరు పెద్దమనుషులు దిక్సూచి పట్టుకుని నిలబడటం చూసి నవ్వింది.

"బట్ డాడ్, ఇక్కడ సన్ నార్త్ సైడ్ కదా వెళ్తుంది. సో, మీ సిస్టమ్ అంతా అప్‌సైడ్ డౌన్ అయిపోదా?"

అని చేతిలో ఉన్న జంతిక కొరుక్కుంటూ లోపలికి పోయింది. ఆ అమ్మాయి వేళాకోళానికే అంది. కానీ డాక్టరు గారు రెండు నిమిషాలు మాట్లాడలేదు. నాకు తెలిసి అది మొదటిసారి.

"శ్రీపతీ" అన్నారు చివరికి. "కొంప మునిగింది. మనకు ఉత్తరమే దక్షిణం."

విజయవాడ సిద్ధాంతి గారికి వీడియో కాల్ చేశారు. ఆయన, "దిక్కులు దేవతలవి నాయనా, దేశాలవి కావు. ఏమీ మార్చొద్దు" అన్నారు. పెర్త్ దగ్గర పియారా వాటర్స్‌లో వాస్తు చెప్పే ఇంకొకాయనకు చేశారు. ఆయన, "ఇక్కడి సూర్యుణ్ణి చూసి ఇల్లు కట్టుకుంటారా, అక్కడి సూర్యుణ్ణి చూసి కట్టుకుంటారా? బరువంతా వెంటనే ఉత్తరానికి తిప్పండి" అన్నారు. డాక్టరు గారు రెండు ఫోన్లూ పెట్టేసి, "ఇద్దరూ కరెక్టే" అన్నారు.

టీ ఇవ్వడానికి వచ్చిన ఉదయలక్ష్మి గారు, "అయితే అన్నయ్య గారూ, ఇన్నేళ్ళూ నేను తల ఎటు పెట్టుకుని పడుకున్నట్టు?" అని అడిగారు.

"ముందు బల్ల సంగతి తేలనీ అమ్మా. తల సంగతి తర్వాత చూద్దాం."

బల్ల సంగతి ఇలా తేలింది. ఒక వారం విజయవాడ పద్ధతి, ఒక వారం పెర్త్ పద్ధతి. ప్రతి శనివారం మధ్యాహ్నం మూడింటికి బల్లను ఈ చివర ఆ చివరకు తిప్పాలి. సొరుగుల బరువు ఒక వారం దక్షిణాన, ఒక వారం ఉత్తరాన ఉంటుంది. శ్రీపతి గారు మాత్రం ఎప్పుడూ తూర్పుకే తిరిగి కూర్చోవాలి. దిక్కు విషయంలో సిద్ధాంతులిద్దరూ ఒప్పుకున్నది అదొక్కటే.

బల్లకు చక్రాలు కావాలని నన్ను పిలిచారు. కదలకపోవడం ఒక్కటే ఆ బల్లకున్న గుణం, దాన్నే తీసేయమన్నారు. బ్రేకులున్న చక్రాలు వేద్దామన్నాను. "బ్రేకంటే అడ్డంకి కదయ్యా, పని చేసే చోట అడ్డంకి పెడతామా?" అన్నారు డాక్టరు గారు. బ్రేకుల్లేనివే బిగించాను.

గరాజ్ నేల తలుపు వైపుకు కాస్త వాలుగా ఉంటుంది. నీళ్ళు పోసి కడిగితే బయటికి పోవాలని అలా వేస్తారు. శ్రీపతి గారు ఆకురాయితో నాలుగుసార్లు రుద్దగానే బల్ల రెండంగుళాలు తలుపు వైపు జరిగేది. ఆయన స్టూలు జరుపుకుని మళ్ళీ రుద్దేవారు. పదింటికి గోడ పక్కన మొదలైన మనిషి పన్నెండింటికి గుమ్మంలో ఎండకు కూర్చుని ఉండేవారు. వీధిలో కుక్కల్ని తిప్పేవాళ్ళు ఆయనకు చెయ్యి ఊపి పోయేవారు. భోజనం చేశాక బల్లను మళ్ళీ లోపలికి తోసుకునేవారు.

కల్వర్టు గొట్టానికి వాలు పెట్టిన రోజు పెర్త్ వారంలో పడింది. బల్ల తిరిగి ఉంది. బల్లతో పాటు ప్లైవుడ్, ప్లైవుడ్‌తో పాటు తడిక గోడ తిరిగి కుడి వైపుకు వచ్చాయి. గోడకు అంటించిన డ్రాయింగును మాత్రం ఎవరూ తిప్పలేదు. అందులో నీళ్ళు ఇంకా ఎడమ నుంచే వస్తున్నాయి. శ్రీపతి గారు డ్రాయింగు చూసుకుంటూ, గొట్టం ఎడమ చివర కింద నాలుగు మిల్లీమీటర్ల ముక్క పెట్టి ఎత్తు చేసి, గట్టి గ్లూతో అతికించేశారు. నీరు వచ్చే చోటు నుంచి పోయే చోటుకు రసమట్టం పెట్టి చూడటం ఆయనకు ఇరవై ఆరేళ్ళ అలవాటు. రసమట్టం ఈశాన్యంలో, కారుకు అవతల ఉంది. అప్పటికే తొమ్మిది వేల అడుగులు నడిచి ఉన్నారు. రేపు చూద్దాంలే అనుకున్నారు.

ఆ తరువాత రోడ్డు వేశారు, కాలిబాట వేశారు, బస్ స్టాపు స్తంభం నిలబెట్టారు. వాడేసిన టీ పొడి ఎండబెట్టి గట్టు మీద మట్టిగా చల్లారు. నీరు బయటపడే చోట నిజంగా ఉన్నట్టే చిన్న చిన్న రాళ్ళు ఒక్కొక్కటిగా పేర్చారు. ఉదయలక్ష్మి గారు చూసి, "అచ్చం అలాగే ఉందండీ. వాసన ఒక్కటే తక్కువ" అన్నారు. ఆ రోజు శ్రీపతి గారు రెండు గ్లాసుల మజ్జిగ తాగారు.

ఎగ్జిబిషన్ ఇంకా తొమ్మిది రోజులుందనగా బహదూర్ గారు టేబుల్ కొలత కోసం వచ్చారు. నమూనా చుట్టూ రెండుసార్లు తిరిగారు. వంగి ఊచలు లెక్కపెట్టారు. "మాషా అల్లా, పని అంటే గిదీ" అన్నారు. తర్వాత చొక్కా జేబులోంచి ఒక ఆవగింజంత ఉక్కు గుండు తీశారు. కారు బేరింగులోది. ఏ వస్తువు చూసినా ఆ గుండు దొర్లించి చూడటం ఆయన అలవాటు.

తడిక ఊచల మధ్య నుంచి గుండును లోపలికి వదిలారు. గుండు ఊచలు దాటింది గాని ముందుకు దొర్లలేదు. ఆయన పుల్లతో కొంచెం తోశారు. గుండు కాస్త దూరం పోయి, ఆగి, వెనక్కి దొర్లి ఆయన చేతిలోనే పడింది.

ఆయన ఇంకోసారి తోశారు. గుండు ఇంకోసారి వచ్చేసింది.

"శ్రీపతి సాబ్" అన్నారు బహదూర్ గారు మెల్లగా. "నీళ్ళు యెటు పోతయి?"

శ్రీపతి గారు గోడ మీది డ్రాయింగు చూశారు. బల్లను చూశారు. చక్రాలను చూశారు. స్టూలు మీద కూలబడ్డారు. ఆ కుదుపుకు బల్ల ఆయన దగ్గర నుంచి కదిలి, ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో ఆయన ఒక్కసారీ చెయ్యని తప్పును మోసుకుంటూ, నింపాదిగా గుమ్మం వైపు వెళ్ళిపోయింది.

"నీళ్ళు పోయకుండా చూపిద్దాం" అన్నారు డాక్టరు గారు. "వట్టి కాలువ. ఎండాకాలం అందాం."

"డాక్టర్ సాబ్, డ్రైనేజ్ ఇంజనీర్ కట్టిన కల్వర్టుల నీళ్ళు ఎనకకొస్తే ఎండాకాలమైనా వానాకాలమైనా ఇజ్జత్ పోయినట్టే."

"నీళ్ళు పొయ్యకపోతే అది కల్వర్టు కాదండీ, పెట్టె" అన్నారు శ్రీపతి గారు. "టేబుల్ ఇంకెవరికైనా ఇచ్చేయండి బహదూర్ గారూ."

బహదూర్ గారు గుండును జేబులో వేసుకున్నారు. "తొమ్మిది దినాలున్నయి. టేబుల్ కావాల్నా వద్దా అని ఫోన్ నేను ఇయ్యాల చెయ్య. ఆఖరి దినం చేస్త" అని వెళ్ళిపోయారు.

ఉదయలక్ష్మి గారు ఇదంతా వంటింటి తలుపు దగ్గర నుంచి విన్నారు. లోపలికి వెళ్ళి పది నిమిషాల తర్వాత పోపుల డబ్బా పట్టుకుని వచ్చారు. గుండ్రటి స్టీలు డబ్బా, లోపల ఏడు గిన్నెలు. ఖాళీ చేసి కడిగారు గాని ఇంగువ వాసన పోలేదు.

"ఏవండీ, ఇప్పుడు ముందుగా ఏం చెయ్యాలి?"

"గొట్టాన్ని కోసి ఊడదీయాలి. ఎందుకు?"

"కోయడానికేం కావాలి?"

"సన్న బ్లేడ్లు."

ఆవిడ నాలుగు మూలలూ తిరిగి బ్లేడ్లు ఎక్కడున్నాయో వెతికి తెచ్చి ఆవాల గిన్నెలో వేశారు. "తర్వాత?" ఊడిన చోట గీకాలి. ఉప్పు కాగితం చిన్న ముక్కలుగా చింపి మినప్పప్పు గిన్నెలో పెట్టారు. "తర్వాత?" ఎత్తుకు పెట్టే ప్లాస్టిక్ ముక్కలు, పట్టకార్లు, గ్లూ, అంటించే పుల్లలు. ఏది ముందు కావాలో అది ముందు, దాని పక్కన దాని తర్వాతది. పొడుగ్గా ఉన్నవాటికి గరిటెల స్టాండు తెచ్చారు.

డాక్టరు గారు ఫోను తీశారు. డబ్బా చుట్టూ దిక్సూచి తిప్పారు. ఇంకోసారి తిప్పారు.

"దీనికి ఈశాన్యం ఎటమ్మా?"

"గుండ్రంగా ఉందండీ అన్నయ్య గారూ. మూలలు లేవు."

"మరి ఇంతకాలం నువ్వు దీన్ని ఏ ముఖంగా పెట్టుకున్నావు?"

"చెయ్యి ఎటుంటే అటు. నూనె కాగాక ఆవాలెక్కడా అని మూలమూలా తిరిగితే ఇల్లంతా పొగేనండీ."

ఆయన ఫోను జేబులో పెట్టుకున్నారు. "పోనీ నడిమి గిన్నె ఖాళీగా ఉంచు. అది బ్రహ్మస్థానం. అక్కడేమీ ఉండకూడదు."

ఆవిడ కారుకు అవతల నుంచి రసమట్టాన్ని తెచ్చారు. అది గిన్నెలో పట్టలేదు. నా పనిముట్ల పెట్టెలో రూపాయి బిళ్ళంత గుండ్రటి రసమట్టం ఒకటి ఉంటే నేను ఇచ్చాను. నడిమి గిన్నెలో సరిగ్గా కూర్చుంది. డాక్టరు గారు ఏదో అనబోయి, అది గుండ్రంగా ఉండటం చూసి ఊరుకున్నారు.

తొమ్మిది రోజులూ శ్రీపతి గారు లేవలేదు. అన్నానికి, నిద్రకు తప్ప. డ్రాయింగును గోడ మీద నుంచి తీసి ప్లైవుడ్‌కే అంటించారు. బల్ల జారకుండా నేను ఒక పక్క నిలబడి తొడతో ఆనించాను. గొట్టాన్ని వెంట్రుక వెంట్రుకగా కోసి ఊడదీశారు. కింద ముక్కను ఆ చివర నుంచి ఈ చివరకు మార్చారు. పైకి లేచిన రోడ్డును మళ్ళీ సర్ది, పగుళ్ళు నింపి, రంగు వేశారు. బయటి రాళ్ళు సగం ఊడిపోతే మళ్ళీ పేర్చారు. మూడో రోజు నుంచి ఆయన డబ్బా వైపు చూడటం మానేశారు. కళ్ళు కల్వర్టు మీద ఉండేవి, చెయ్యి తనంతట తాను గిన్నెలోకి పోయి కావలసింది తీసుకొచ్చేది. ఆ వారం పెర్త్‌దో విజయవాడదో ఎవరూ అడగలేదు. ఫోను చూసుకుంటే రోజుకు నాలుగు వందల అడుగులు వచ్చాయి. చివరి రోజు బహదూర్ గారు ఫోన్ చేస్తే శ్రీపతి గారు, "టేబుల్ గుడ్డ ఏ రంగు తేవాలండీ?" అని అడిగారు.

హాల్లో ఒక పక్క యుద్ధ విమానాలు, ఒక పక్క ఆవిరి రైలు, మధ్యలో కల్వర్టు. మొదటి గంట దాని దగ్గర ఎవరూ ఆగలేదు. శ్రీపతి గారికి అది బాగానే ఉంది, మంచి కల్వర్టుకు అలాగే జరగాలి. అప్పుడు బహదూర్ గారు చెంబుతో నీళ్ళు తెచ్చారు. "గుండు వద్దు. సీదా నీళ్ళే" అన్నారు.

తడిక దగ్గర సన్నగా పోశారు. పన్నెండు ఊచల మధ్య నుంచి నీళ్ళు లోపలికి పోయాయి. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత అవతల రాళ్ళ మీదికి నిశ్శబ్దంగా వచ్చి, కింద పెట్టిన గిన్నెలో పడ్డాయి. పక్క టేబుల్ విమానం ఆయన చప్పట్లు కొట్టాడు. ఆ తర్వాత సాయంత్రం దాకా జనం వరసగా వచ్చి తలా ఒక గ్లాసు పోసిపోయారు. ఒక ముసలావిడ, "ఇది మా స్టాపే. దీని కింద కాలవ ఉందా?" అని అడిగింది. శ్రీపతి గారు, "ఇంకో నెల ఉంటుందండీ" అన్నారు.

డాక్టరు గారు దిక్సూచి చూసి నీళ్ళు ఈశాన్యానికే పోతున్నాయని, చాలా శుభమని ప్రకటించారు. ఉదయలక్ష్మి గారు గుడ్డ ఇస్తే నేల తుడిచారు కూడా.

జులైలో యంత్రం వచ్చి రెండు రోజుల్లో పాత కల్వర్టును పగలగొట్టింది. శ్రీపతి గారు కంచె ఇవతల నిలబడి చూశారు. అక్కడి మేస్త్రీని అడిగి కొబ్బరికాయంత కాంక్రీటు ముక్క ఒకటి తెచ్చుకున్నారు. లోపల ఇనప చువ్వ కొస కనిపిస్తూ ఉంది, తుప్పు పట్టలేదు.

"నైరుతిలో పెట్టు" అన్నారు డాక్టరు గారు వెంటనే. "అంత బరువు నైరుతిలోనే ఉండాలి."

"ఏ నైరుతి అన్నయ్య గారూ?" అని ఉదయలక్ష్మి గారు లోపల నుంచి అడిగారు. ఆవిడ కొత్త పోపుల డబ్బాలోకి ఆవాలు ఒంపుతున్నారు.

శ్రీపతి గారు వంగి, ఆ ముక్కను బల్ల ముందు చక్రం కిందికి, తలుపు వైపు నుంచి గట్టిగా తోశారు. లేచి నడుముతో బల్లను ఒకసారి నెట్టి చూశారు. కదల్లేదు. స్టూలు లాక్కుని కూర్చుని, ఈసారి చెయ్యబోయే బస్ స్టాపు షెల్టరు డ్రాయింగు మీద నుంచి కళ్ళు తీయకుండానే పాత డబ్బాలోకి చెయ్యి పెట్టారు.